చందా ఆగింది, విచారణ ఆగింది

2021 జూన్ 16న లెబనాన్ ప్రత్యేక ట్రిబ్యునల్‌లో ఒక విచారణ మొదలు కావాలి. కేసులో ఉన్నవి మూడు దాడులు. వాటిలో ఒకటి జార్జ్ హావి ప్రాణం తీసింది. లెబనాన్ కమ్యూనిస్టు పార్టీకి ఒకప్పుడు ప్రధాన కార్యదర్శిగా ఉన్న ఆయన 2005 జూన్ 21న బీరూట్‌లో కారులో పెట్టిన బాంబు పేలి చనిపోయాడు. అంటే పదహారో వర్ధంతికి అయిదు రోజుల ముందు విచారణ మొదలవ్వాలి. తేదీ ఖరారైంది, అభియోగపత్రం ఉంది, కోర్టు హాలు ఉంది. విచారణ మాత్రం జరగలేదు. డబ్బు లేదు, జూలై దాటితే కోర్టును నడపలేం అని చెప్పి రద్దు చేశారు.

అదే నెల 8న, ఆ ట్రిబ్యునల్ కొలువున్న చోటికి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే, నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరంలో మరో కోర్టు తీర్పు వచ్చింది. స్రెబ్రెనిత్స మారణకాండకు బాధ్యుడైన బోస్నియా సెర్బు సేనాని రాట్కో మ్లాదిచ్‌కు పడిన యావజ్జీవ శిక్షను, మాజీ యుగోస్లావియా ట్రిబ్యునల్ మిగిల్చిన పని చూసే కోర్టు అప్పీలు ధర్మాసనం ఖాయం చేసింది. ఒకే దేశం, ఒకే నెల, రెండూ ఐక్యరాజ్యసమితి పూనికతో పుట్టిన కోర్టులే. ఒకచోట శిక్ష ఖాయమైంది, మరోచోట విచారణే మొదలు కాలేదు. తేడా ఎక్కడుందని వెతికితే అది సాక్ష్యాల్లో కనపడదు, జమాఖర్చుల్లో కనపడుతుంది. మ్లాదిచ్ కేసు ఖర్చు సభ్యదేశాలన్నీ తప్పనిసరిగా కట్టే వాటాల్లోంచి వచ్చింది. లెబనాన్ ట్రిబ్యునల్‌కు 49 శాతం లెబనాన్ ప్రభుత్వం కట్టాలి, మిగిలిన 51 శాతం ఇతర దేశాలు ఇష్టపడి ఇచ్చే విరాళాలు.

ఈ లెక్క 2007 నాటిది. 2019 నుంచి లెబనాన్‌లో బ్యాంకులు కుప్పకూలాయి, కరెన్సీ విలువ పాతాళానికి పడిపోయింది. 2020 ఆగస్టు 4న రేవులో జరిగిన పేలుడు దాదాపు సగం బీరూట్‌ను దెబ్బతీసింది. బ్యాంకులో దాచుకున్న సొమ్ము జనానికే దక్కని దేశం ట్రిబ్యునల్ వాటా ఎక్కడినుంచి తెస్తుంది? 2020లో సుమారు అయిదున్నర కోట్ల యూరోలున్న బడ్జెట్‌ను 2021కి 37 శాతం తెగ్గోశారు. అదీ చాలలేదు.

ఆ కోర్టు చేతకానిదేం కాదు. మాజీ ప్రధాని రఫీక్ హరీరీ హత్యకేసులో 2020లో నిర్దోషులుగా బయటపడిన ముగ్గురిలో ఇద్దరిని 2022 మార్చిలో అప్పీలు ధర్మాసనం దోషులుగా తేల్చింది. ఊపిరి ఉన్నంతవరకూ పని చేసింది. 2023 డిసెంబర్ 31న తలుపులు మూసేశారు. హావి కేసు మొదలు కాకుండానే ముగిసిపోయింది.

ఊరి జాతరకు చందాలు తక్కువ పడితే మేళం తగ్గించుకోవచ్చు, బాణసంచా మానుకోవచ్చు. హత్యకేసు విచారణలో ఏది తగ్గించాలి? సాక్షినా, డిఫెన్స్ లాయరునా, అనువాదకుడినా? కోర్టు పెట్టాలని తీర్మానించిన రోజునే దాని ఆఖరి అప్పీలు దాకా అయ్యే ఖర్చును తప్పనిసరి వాటాల్లోకి చేర్చాలి. ఆ మాత్రం చేయలేనివాళ్లు బాధితులకు కోర్టు వస్తుందని మాట ఇవ్వకూడదు. ఇచ్చి వెనక్కి తీసుకోవడం వాళ్లను రెండోసారి కొట్టడమే.

ఐక్యరాజ్యసమితిలో ఖర్చుల కోత మాట ఎత్తినప్పుడల్లా ట్రిబ్యునళ్లు తెల్ల ఏనుగులన్న విమర్శ తిరిగి వస్తుంది. మాజీ యుగోస్లావియా ట్రిబ్యునల్‌కు 2010, 2011 రెండేళ్లకూ కలిపి దాదాపు 30 కోట్ల డాలర్లు కేటాయించారు. ఏడాదికి 15 కోట్లు. ఆ రోజుల్లో శాంతిపరిరక్షక దళాల మీద ఐక్యరాజ్యసమితి పెట్టిన ఖర్చు ఏడాదికి 700 కోట్ల డాలర్లకు పైమాటే. అందులో రెండు శాతం పెడితే ఒక ఖండంలో జరిగిన మారణకాండలకు బాధ్యులెవరో తేలింది. దీన్ని దుబారా అనేవాళ్లు ఏది పొదుపో కూడా చెప్పాలి.

డబ్బు తర్వాతి ఆయుధం గడువు. భద్రతా మండలి 2003 ఆగస్టులో 1503వ తీర్మానంతో యుగోస్లావియా, రువాండా ట్రిబ్యునళ్లకు గడువులు పెట్టింది. 2004 ముగిసేలోగా దర్యాప్తులు, 2008 ముగిసేలోగా తొలి విచారణలు, 2010కల్లా అంతా పూర్తి కావాలంది. మ్లాదిచ్ దొరికింది 2011 మే 26న. గోరాన్ హాజిచ్ దొరికింది ఆ తర్వాత రెండు నెలలకు. గడువును అక్షరాలా పాటించి ఉంటే వాళ్లిద్దరూ 2010 ముగిసేదాకా దాక్కున్నచోటే ఓపిక పడితే సరిపోయేది. ప్రాసిక్యూటర్లు పట్టు వదల్లేదు కాబట్టే ఆ ట్రిబ్యునల్ అభియోగం మోపిన 161 మందిలో పరారీలో ఒక్కరూ మిగల్లేదు. 2010లో ముగియాల్సిన పని 2017 దాకా సాగింది. సాగినందుకే ఫలించింది.

కాంబోడియాలో మాత్రం కాలం నిందితుల పక్షాన నిలిచింది. ఖ్మేర్ రూజ్ పాలన 1975 నుంచి 1979 దాకా సాగి, సుమారు 17 లక్షల మందిని బలిగొంది. విచారణ కోర్టు పని మొదలుపెట్టింది 2006లో. నిందితులు ముసలివాళ్లు, ప్రతి నెలా విలువైనదే. అలాంటి కోర్టులో 2013 మార్చి తొలివారంలో అనువాదకులు సమ్మెకు దిగారు. నెలల తరబడి జీతాలు లేవు. కోర్టులోని స్థానిక సిబ్బంది జీతాలు కాంబోడియా వాటా కిందికి వచ్చేవి, ఆ వాటా కూడా విరాళాల మీదే ఆధారపడింది. అనువాదం లేక విచారణ ఆగింది. అదే నెల 14న నిందితుల్లో ఒకడైన మాజీ విదేశాంగ మంత్రి ఇయెంగ్ సారీ, తీర్పు వినకుండానే 87 ఏళ్ల వయసులో చనిపోయాడు. సెప్టెంబర్‌లో జీతాల కోసం మళ్లీ సమ్మె.

ట్రిబ్యునళ్ల చరిత్ర రాసేవాళ్లు న్యాయమూర్తుల పేర్లు రాస్తారు, ప్రాసిక్యూటర్ల ఫొటోలు వేస్తారు. గాజు గదిలో చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, పిల్లల్ని ఎలా చంపారో ఒక తల్లి చెప్పిన మాటల్ని ఆమె గొంతుతోనే 'నేను' అంటూ మరో భాషలోకి చెప్పే మనిషిని ఎవరూ తలుచుకోరు. ఆ మనిషి లేనిదే ఈ కోర్టులు ఒక్క రోజు నడవవు.

రువాండా ట్రిబ్యునల్ చూడండి. టాబా ప్రాంత పాలకుడు జాన్ పాల్ అకయేసు కేసులో 1998 సెప్టెంబర్ 2న వచ్చిన తీర్పు, అత్యాచారాన్ని జాతిహననంలో భాగంగా గుర్తించిన తొలి అంతర్జాతీయ తీర్పు. మొదటి అభియోగపత్రంలో అత్యాచారం మాటే లేదు. ఒక సాక్షి తన కూతురికి జరిగింది చెప్పింది. ధర్మాసనంలోని ఏకైక మహిళ, డర్బన్ తమిళ కుటుంబంలో పుట్టిన నవనీతం పిళ్లై ప్రశ్నలు అడిగారు. 1997 జూన్‌లో అభియోగాల్ని సవరించారు. కిన్యార్వాండా భాషలో ఆ నేరాన్ని చెప్పడానికి సాక్షులు వాడిన మాటలు ఒకటి కాదు. కొన్నిటికి మామూలు కలయిక అన్న అర్థం కూడా ఉంది. ఏ సందర్భంలో ఏ మాటకు ఏ అర్థమో తీర్పులోనే విడిగా చర్చించాల్సి వచ్చింది. 'ఇన్యెంజి' అంటే బొద్దింక. ఆ మాట రేడియోలో విన్న రువాండా మనిషికి ఏం అర్థమవుతుందో భాషా నిపుణుణ్ణి పిలిపించి తెలుసుకున్నారు. అనువాదాన్ని అనవసరపు ఖర్చుగా కొట్టేసి ఉంటే ఆ తీర్పుకు కాళ్లే ఉండేవి కావు.

కోర్టులో మనిషి మాట మనిషికి అర్థం కావాలన్న ఈ విషయంలో మనం గర్వపడాల్సింది ఏమీ లేదు. పార్లమెంటు వేరుగా చట్టం చేయనంతవరకూ హైకోర్టుల భాష ఇంగ్లిషేనని రాజ్యాంగం 348వ అధికరణం చెబుతుంది. 2023లో తెలంగాణ హైకోర్టు ఒక ఆస్తి తగాదాలో తెలుగులో తీర్పు ఇస్తే పత్రికలన్నిటికీ అది పెద్ద వార్త అయింది. తెలుగువాళ్ల తగాదాకు తెలుగులో తీర్పు రావడం వార్త కావడమే సిగ్గుచేటు. భూమి పోయిన రైతు, బిడ్డను పోగొట్టుకున్న తల్లి తమ తీర్పు కాగితం పట్టుకుని చదివిపెట్టే మనిషి కోసం లాయరు గుమ్మంలో కూర్చుంటున్నారు. జిల్లా కోర్టుల్లో అనువాదకుల పోస్టులు నింపడం, వాళ్లకు న్యాయ పరిభాషలో శిక్షణ ఇవ్వడం ఏ ప్రభుత్వానికీ భారం కాదు. రువాండా ట్రిబ్యునల్ నడిచిన ఆరూషాలో కిన్యార్వాండాకు దక్కిన శ్రద్ధ అమరావతిలో, హైదరాబాద్‌లో తెలుగుకు దక్కాలని కోరడం అత్యాశా?

కోర్టు మూసినా పని ముగియదన్న సంగతి లెక్కలు వేసేవాళ్లు చివరిదాకా ఒప్పుకోరు. రువాండా ట్రిబ్యునల్ 2015లో మూతపడింది. అక్కడ నిర్దోషులుగా తేలినవాళ్లు, శిక్ష పూర్తిచేసుకున్నవాళ్లు కొందరికి వెళ్లడానికి దేశం దొరకలేదు. వాళ్లలో ఎనిమిది మందిని 2021 డిసెంబర్‌లో నైజర్ రాజధాని నియామేకు పంపారు. రప్పించుకున్న నెలలోనే ఆ ప్రభుత్వం దేశం విడిచి పొమ్మంది. పోవడానికి చోటు లేక ఇంటి గడప దాటలేని స్థితిలో ఉండిపోయారు. వాళ్లలో ఒకరైన మాజీ రవాణా మంత్రి ఆంద్రే న్తగెరూరా నిర్దోషి అని ట్రిబ్యునల్ తేల్చింది 2004లో.

సియెర్రా లియోన్ ప్రత్యేక కోర్టుదీ ఇదే కథ. విరాళాలు సరిపోక ఐక్యరాజ్యసమితి సాధారణ సభ నుంచి సాయం తెచ్చుకుని నెట్టుకొచ్చి, లైబీరియా మాజీ అధ్యక్షుడు చార్ల్స్ టేలర్‌కు 2012లో 50 ఏళ్ల శిక్ష వేసింది. 2013 ఆఖరున మూతపడింది. టేలర్ బ్రిటన్ జైల్లో ఉన్నాడు. అతడి మీద సాక్ష్యం చెప్పినవాళ్ల రక్షణ, శిక్షల పర్యవేక్షణ, రికార్డుల భద్రత ఇప్పుడు ఒక చిన్న అవశేష కోర్టు చేతిలో ఉన్నాయి. దాని బడ్జెట్ కూడా ఒప్పందం ప్రకారం విరాళాల మీదే నడవాలి. సాక్షులను రక్షించాల్సిన ఆ కోర్టు, వచ్చే ఏడాది ఖర్చు కోసం ఈ ఏడాది కూడా దేశాల గుమ్మాలు తొక్కాలి.