కంప్యూటరు మూగబోయిన రోజు

పిల్లలూ! మా వెంకటాచలంలో, మా వీధి చివరి ఇంట్లో ఒక అక్కా తమ్ముడూ వున్నారు. తమ్ముడు పదో తరగతి. వాడికి పుట్టుకతోనే చూపు లేదు. అయినా వాడు కంప్యూటరు మీద పాఠాలు చదువుకుంటాడు. ఎట్లా అంటారా? వాడి కంప్యూటరులో ఎన్.వి.డి.ఎ. అనే ప్రోగ్రాము ఒకటి వున్నది. తెర మీది అక్షరాలను అది పైకి చదివి వినిపిస్తుంది. తెలుగు కూడా చదువుతుంది, కాస్త ముక్కుతో మాట్లాడినట్టు వుంటుందనుకోండి. దాన్ని 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే యువకుడు మొదలుపెట్టాడు. జేమ్స్ టే అనే స్నేహితుడు అతనితో కలిశాడు. ఆ ఇద్దరికీ కూడా చూపు లేదు. ఆ ప్రోగ్రామును ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు.

మొన్న సంక్రాంతికి ఆ ఇంటికి చెన్నై నుంచి బావ వచ్చాడు. మంచివాడే. కాని అతని చేతులు ఊరికే వుండవు. ఇంటర్నెట్లో ఏదో ప్రకటన కనిపించింది. "మీ డ్రైవర్లు పాతబడ్డాయి, ఒక్క నొక్కుతో అన్నీ కొత్తవి చేసిపెడతాం" అని దాని సారాంశం. నొక్కాడు. అరగంట తిరిగేసరికి కంప్యూటరు మూగబోయింది. పండుగ అయిపోయింది, అతను రైలెక్కి వెళ్ళిపోయాడు. రెండు రోజుల్లో వీడికి సాంఘిక శాస్త్రం పరీక్ష. పాఠాలన్నీ ఆ కంప్యూటరులోనే వున్నాయి.

మన కంప్యూటరుకు సౌండు పోతే ఒక సినిమా పాట వినలేము, అంతేగదా. వాడికి సౌండు పోతే పుస్తకమే మూసుకుపోయింది. ఇంకొక చిక్కు చూడండి. చెడినదాన్ని తానే బాగు చేసుకుందామన్నా, తెర మీద ఏది ఎక్కడ వున్నదో చెప్పే గొంతే పోయిందాయె!

వాళ్ళ నాన్న కొత్త స్పీకర్లు కొనడానికి నెల్లూరు బయలుదేరి దారిలో నాకు ఎదురుపడ్డాడు. "ఆగవయ్యా, ముందు చూద్దాం" అని వెనక్కు తీసుకుపోయాను. స్పీకరు తీగ ఆకుపచ్చ రంధ్రంలో సరిగానే వున్నది. ఆ స్పీకర్లనే నా సెల్‌ఫోనుకు తగిలిస్తే శుభ్రంగా పాడాయి. కాబట్టి స్పీకర్లలో దోషం లేదు. ఇక అనుమానం డ్రైవరు మీదికి పోయింది.

డ్రైవరు అంటే ఇక్కడ బస్సు తోలేవాడు కాదు. దుబాసి అనుకోండి. ఇంగ్లీషు వర్తకులు 1639లో మద్రాసు స్థలం సంపాదించక ముందు, మన పాత నెల్లూరు జిల్లాలోని దుగరాజపట్నంలో మకాం పెట్టారు. వాళ్ళకు తెలుగు రాదు. మన నేతగాళ్ళకు ఇంగ్లీషు రాదు. అందుకని ఈ తీరమంతటా రెండు భాషలూ వచ్చిన దుబాసీలు మధ్యన నిలిచి బేరాలు నడిపేవారు. మద్రాసు వెలిసిన కాలంలో బేరి తిమ్మన్న అనే తెలుగు దుబాసి పేరు చాలా ప్రసిద్ధం.

కంప్యూటరులో విండోస్ ఆ వర్తకుని వంటిది, సౌండు చిప్పు ఆ నేతగాని వంటిది. పాట అంటే కంప్యూటరుకు ఒట్టి అంకెల వరుస. సీడీ పాటలో ఒక్క సెకనుకు, ఒక్కొక్క చెవికి, 44,100 అంకెలు వుంటాయి. ఆ అంకెలను విద్యుత్తు అలలుగా మార్చి స్పీకరుకు పంపడం చిప్పు పని. అయితే ఒక్కొక్క కంపెనీ చిప్పుది ఒక్కొక్క భాష. ఆ భాష తెలిసిన చిన్న ప్రోగ్రామే డ్రైవరు. తప్పు దుబాసిని తెచ్చి నిలబెడితే ఏమవుతుంది? వర్తకుడు బాగానే వుంటాడు, నేతగాడూ బాగానే వుంటాడు, బట్ట మాత్రం చేతికి రాదు.

ఈ చిప్పు పూర్వం వేరే ఒక అట్టలాంటి కార్డు మీద వుండేది. 1989లో సింగపూరులోని క్రియేటివ్ కంపెనీ సౌండ్ బ్లాస్టర్ అనే కార్డు తెచ్చింది. దాన్ని కొని, పెట్టె విప్పి, లోపల గుచ్చుకోవాలి. ఆ రోజుల్లో అటువంటి కార్డు లేని మామూలు పీసీ కీచుమని కూయడమే ఎరుగును. ఇప్పుడు గోరంత చిప్పు మదర్‌బోర్డు మీదనే అతికించి వస్తున్నది. అయినా సౌండు కార్డు అనే పిలుస్తున్నాం. బొగ్గు ఇంజను పోయి ఎన్నేళ్ళయినా, మా వూరి స్టేషనులో రైలును పొగబండి అనే ముసలమ్మలు వున్నారు గదా!

ఇక అసలు సంగతి. ఈ విద్యలో నా ప్రజ్ఞ అంతంత మాత్రం. హెడ్మాస్టరుగా వున్న రోజుల్లో, పిల్లలు పాడుచేస్తారని కంప్యూటరు గదికి తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకు తిరిగినవాణ్ణి. ఆ పిల్లలు నన్ను క్షమింతురు గాక. కనుక పని చేసింది అక్కా తమ్ముళ్ళే. వాడికి మీటలన్నీ కంఠస్థం. ఆమెకు మీటలు తెలియవు, కాని తెర కనబడుతుంది.

"విండోస్ మీటా ఎక్సూ కలిపి నొక్కినా. ఇప్పుడు ఎమ్. ఏమొచ్చిందక్కా?"

"డివైస్ మేనేజర్ అని ఉండాది."

"ఎస్ నొక్కుతా పోతా. సౌండ్ అనే వరుస మీదికి రాగానే చెప్పు."

వచ్చింది. కుడి బాణం మీట నొక్కితే వరుస విచ్చుకున్నది. కింది బాణంతో చిప్పు పేరు మీదికి దిగి ఎంటర్ కొట్టాడు. డ్రైవర్ అనే పుటలో "రోల్ బ్యాక్ డ్రైవర్" అని ఒక బొత్తాము వుంటుంది. అది నొక్కితే, ఇంతకు ముందున్న డ్రైవరు తిరిగి వస్తుంది. పిల్లలూ, కొత్త డ్రైవరు పెట్టగానే సౌండు పోతే మీరు మొదట చూడవలసింది దీన్నే. కాని అక్క తెర చూసి డీలాపడిపోయింది. ఆ బొత్తాము మసకబారి వున్నది, నొక్కుడు పడదు. పాతదాన్ని దాచకుండా తుడిచిపెట్టేశారన్నమాట.

"నువ్వేడవబాకక్కా. ఇంకో దారి ఉండాది" అన్నాడు వాడు.

ఈసారి "అప్‌డేట్ డ్రైవర్" తెరిపించాడు. అందులో, ఇంటర్నెట్లో వెతకమనకుండా, ఈ కంప్యూటరులో వున్న జాబితా నుంచే ఎంచుకుంటాననే దారి పట్టించాడు. జాబితాలో "హై డెఫినిషన్ ఆడియో డివైస్" అని కనబడింది. ఇది విండోస్ తన దగ్గర ఎప్పుడూ వుంచుకునే సామాన్య డ్రైవరు. 2004లో ఇంటెల్ కంపెనీ సౌండు చిప్పులకు ఒక వుమ్మడి పద్ధతి ఏర్పరచింది. ఆ పద్ధతి పాటించే చిప్పులు చాలావాటితో ఈ డ్రైవరు నాలుగు ముక్కలు మాట్లాడగలదు. హంగులు వుండవు, పని జరుగుతుంది.

దాన్ని ఎంచి, కంప్యూటరును ఆపి మళ్ళీ వేశారు. వాడు కంట్రోల్, ఆల్ట్, ఎన్ మూడు మీటలూ కలిపి నొక్కాడు. ఎవరమూ మాట్లాడలేదు. కొంచెంసేపటికి ఆ ముక్కు గొంతు పలికింది! వంటింట్లో నుంచి వాళ్ళమ్మ పిండి చేతులతోనే పరుగెత్తుకు వచ్చింది.

ఆ సాయంత్రం, బావ ఎక్కించిన ప్రోగ్రామును తీసివేశారు. తేడా వస్తే వెనక్కు పోవడానికి రిస్టోర్ పాయింట్ ఒకటి పెట్టుకున్నారు. పెట్టె వెనుక చీటీ మీది మోడల్ నంబరు అక్క చదివింది. ఆ కంప్యూటరు చేసిన కంపెనీ వారి సైటులో ఆ నంబరుకు తగిన డ్రైవరే తెచ్చి పెట్టుకున్నారు. ప్రకటనల్లో వచ్చే డ్రైవర్లను నేనయితే గడప తొక్కనివ్వను. చక్కగా పాడుతున్న కంప్యూటరుకు, కొత్తది వచ్చింది గదా అని డ్రైవరు మార్చడం కూడా నాకు ఇష్టం లేదు. భద్రత కోసం విండోస్ తనంతట తాను తెచ్చుకునే మార్పులు వేరు, వాటికి అడ్డం పడకండి.

వాడు పరీక్ష రాశాడు. ఇప్పుడు వాడి బల్ల సొరుగులో బొటనవేలంత యూఎస్‌బీ సౌండు కార్డు ఒకటి వున్నది. ఇటువంటివాటికి కావలసిన డ్రైవరు విండోస్‌లోనే సిద్ధంగా వుంటుంది. లోపలి చిప్పు మూగబోయినా, దీన్ని గుచ్చి హెడ్‌ఫోను తగిలిస్తే గొంతు వస్తుంది. అప్పుడు మిగతా మరమ్మతు వాడే చేసుకోగలడు. దాన్ని కొని పోస్టులో పంపింది ఎవరనుకున్నారు? చెన్నై బావే.