బిందె ఎత్తిన చేతికి ఆత్మరక్షణ హక్కు లేదా?

ఆత్మరక్షణ హక్కు అందరిదీ అంటుంది చట్టం. పాత ఐపీసీలో 96 నుంచి 106 వరకు, 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు ఉన్న సెక్షన్లు చెప్పేది ఇదే. తన ప్రాణానికే కాదు, పక్క మనిషి ప్రాణానికి ముప్పు వచ్చినా ఎదురు తిరగొచ్చు. ఈ సెక్షన్లలో కులం మాట ఎక్కడా లేదు. కులమంతా వాటిని అమలుచేసే పోలీస్ స్టేషన్లో, ఆసుపత్రి రికార్డులో, కోర్టు హాల్లో ఉంది.

1985 జూలై 16న కారంచేడులో మాదిగలు తాగే నీటిని మురికి చేస్తుంటే ప్రశ్నించినందుకు దాడికి దిగారు. సువార్త తన చేతిలోని బిందె ఎత్తి అడ్డుకుంది. ఆనాటి ఐపీసీ 97వ సెక్షన్ ఇచ్చిన హక్కు అచ్చంగా అదే. ఆ హక్కును వాడుకున్నందుకు మరునాడు ఆరుగురు మాదిగల ప్రాణాలు తీశారు. చట్టం హక్కు అన్నదాన్ని ఊరు పొగరు అంది.

అధికారుల రక్షణ కోరే వ్యవధి ఉంటే ఆత్మరక్షణ హక్కు వర్తించదని మరో నిబంధన. 1991 ఆగస్టు 6న చుండూరులో పోలీసులు ఊళ్లో ఉండగానే ఎనిమిది మంది దళితులను వెంటాడి చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేస్తే, 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ వదిలేసింది. 'పోలీసుల దగ్గరికి పోవాల్సింది కదా' అని దళితుణ్ణి అడిగేవాళ్లు ముందు చుండూరుకు జవాబు చెప్పాలి.

అట్రాసిటీ కేసుల తీర్పులు చదివే పరిశోధక విద్యార్థిగా నన్ను ఎక్కువ కలవరపెట్టేది కౌంటర్ కేసు. దాడికి గురై, తోసుకుని బయటపడిన దళితుడి మీదే హత్యాయత్నం కేసు పెడతారు. ఆత్మరక్షణను రుజువు చేసుకునే భారం నిందితుడిదే. నిజానికి అది పెద్ద భారం కాదు, జరిగి ఉండే అవకాశం చూపిస్తే చాలు. నిందితుడి ఒంటి మీది గాయాలకు ప్రాసిక్యూషన్ సంజాయిషీ చెప్పకపోతే కేసే బలహీనపడుతుందని 1976లో లక్ష్మీ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ ఆ గాయాలను రాసేదెవరు? వూండ్ సర్టిఫికెట్‌లో దెబ్బ లేకపోతే కోర్టులో ఆత్మరక్షణా లేదు.

అదే వాదన తుపాకీ పట్టిన పోలీసు నోట వస్తే నిమిషాల్లో నిజమైపోతుంది. 2019 డిసెంబరు 6న చటాన్‌పల్లి దగ్గర కస్టడీలో ఉన్న నలుగురు నిందితులను కాల్చి, ఆత్మరక్షణ కోసమే అన్నారు. జనం పూలు చల్లారు. ఆ కథను నమ్మలేమని, పదిమంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలని సిర్పుర్కర్ కమిషన్ తేల్చింది. పోలీసుకు చట్టం ఇచ్చింది కూడా అందరికీ ఇచ్చిన హక్కే. ఒకరి మాట విచారణ లేకుండానే చెల్లుతుంది, ఇంకొకరిది ఏళ్ల తరబడి జైల్లో ఉన్నా చెల్లదు.

హింసను సమర్థిస్తున్నావా అని కొందరు మేధావులు అడుగుతారు. ప్రతీకారం వేరు, ఆత్మరక్షణ వేరు. 1927లో మహద్‌లో చెరువు నీళ్లు తాగినందుకు తన జనాన్ని కొట్టినప్పుడు బాబాసాహెబ్ ప్రతీకారాన్ని ఆపారు. దాడి చేసినవాళ్లకు కోర్టులో శిక్ష పడింది. నేను అడిగేదీ చట్టాన్నే.

రెండు పక్షాల గాయాలనూ అదే రోజు నమోదు చేయాలి. దళితుల మీద తప్పుడు కేసులు పెట్టడం అట్రాసిటీ చట్టం 3(1)(పి) కింద నేరం, ఆ సెక్షన్‌ను వాడాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, 'సహేతుకమైన భయం' తూచేటప్పుడు న్యాయమూర్తి ఆ ఊరి చరిత్రను కూడా త్రాసులో వేయాలి. అగ్రకుల గుంపు వాడలోకి వస్తుంటే కారంచేడు, చుండూరు తెలిసిన మనిషికి కలిగే భయం కన్నా సహేతుకమైన భయం ఏముంటుంది?