అరచేతిలో వైకుంఠమా?

‘అరచేతిలో వైకుంఠం చూపడం’ అనే నానుడి తెలుగువారికి సుపరిచితం. కానిదానిని అయినట్లుగా నమ్మించి, మాటలతో మురిపించేవారిని గురించి పెద్దలు ఈ మాట వాడతారు. నేడు అరచేతిలో ఇమిడే సెల్‌ఫోను తెరమీద, వందల మైళ్ళ దూరాన ఉన్న పెద్ద కంప్యూటరు ప్రత్యక్షమవుతున్నది. అందులోని పత్రాలు తెరిచి చదవవచ్చు, జమాఖర్చుల పట్టికలు తయారుచేయవచ్చు, ప్రోగ్రాములు రాయవచ్చు. ఇంట్లో కంప్యూటరు లేని విద్యార్థికి ఇది నిజంగా కంప్యూటరు ఉన్నట్లేనా? లేక ఇదీ అరచేతిలో వైకుంఠమేనా? ఆలోచించదగిన ప్రశ్న ఇది.

మహాభారతంలో వ్యాసమహర్షి ప్రసాదించిన దివ్యదృష్టితో సంజయుడు కురుక్షేత్ర సంగ్రామాన్ని చూసి ధృతరాష్ట్రునికి వర్ణించాడు. అయితే ఆ దృష్టి చూడడానికి, చెప్పడానికి మాత్రమే పనికివచ్చింది. దానితో ఒక్క బాణాన్నయినా ఆపడం సాధ్యం కాలేదు. నేటి సాంకేతిక విద్య మరొక అడుగు ముందుకు వేసింది. దూరాన ఉన్నదానిని చూడడమే కాదు, అక్కడ పని చేయడం కూడ సాధ్యమయింది.

ఇది జరిగే తీరు తెలుసుకొంటే అద్భుతం తగ్గి అవగాహన పెరుగుతుంది. డేటా కేంద్రాలలో మహాశక్తిమంతమైన సర్వర్లు ఉంటాయి. ఒక పెద్ద భవనాన్ని గదులుగా విభజించినట్లు, ప్రత్యేకమైన సాఫ్ట్‌వేరు ఒక్కొక్క సర్వరును అనేక కంప్యూటర్లుగా విభజిస్తుంది. ప్రతి భాగానికీ తనదైన జ్ఞాపకశక్తి, తనదైన నిల్వస్థలం ఉంటాయి. ఇటువంటి భాగంలో నడిచే డెస్క్‌టాప్‌నే వర్చువల్ డెస్క్‌టాప్ అంటారు. పని అంతా అక్కడే జరుగుతుంది. ఆ తెర ఎలా ఉన్నదో తెలిపే చిత్రం మాత్రం కుదించబడి ఇంటర్నెట్ ద్వారా ఫోనుకు చేరుతుంది. వేలితో తాకిన చోటు, టైపు చేసిన అక్షరం తిరిగి సర్వరుకు వెళతాయి. ప్రతిసారీ మొత్తం చిత్రాన్ని పంపకుండ, మారిన భాగాన్ని మాత్రమే పంపే ఉపాయం కూడ ఉన్నది. కాబట్టి ఫోను ఇక్కడ కంప్యూటరు కాదు, కంప్యూటరున్న గదికి కిటికీ. ‘వర్చువల్’ అన్నంత మాత్రాన ఇది మిథ్య అనుకోరాదు. ఇనుముతో, సిలికానుతో చేసిన యంత్రం ఎక్కడో ఒకచోట నిజంగానే పనిచేస్తున్నది, కరెంటు ఖర్చవుతున్నది, దానికి ఒకరు డబ్బు చెల్లిస్తున్నారు.

ఈ ఆలోచన నిన్న మొన్నటిది కాదు. కంప్యూటరు ఒక పెద్ద గదిని ఆక్రమించే రోజులలో, 1961లో, అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఫెర్నాండో కోర్బాటో బృందం ఒకే యంత్రాన్ని పలువురు ఏకకాలంలో ఉపయోగించుకొనే పద్ధతిని ప్రదర్శించింది. అదే సంవత్సరం జాన్ మెకార్తీ అనే శాస్త్రవేత్త, టెలిఫోను మాదిరిగానే కంప్యూటరు శక్తి కూడ ఏదో ఒకనాడు ప్రజోపయోగ సేవ కాగలదని ఊహించాడు. తరువాత కాలంలో కంప్యూటరు చిన్నదై, చవకై, బల్లమీదికి వచ్చింది. ఎవరి యంత్రం వారిదే అన్న భావన స్థిరపడింది. కాని 1990 దశకం చివరలో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి పరిశోధకులు, ఒక కంప్యూటరు తెరను మరొక యంత్రం మీద చూపే వి.ఎన్.సి. అనే సాధనాన్ని లోకానికి అందించారు. 2007లో ఐఫోను రావడంతో వేలిస్పర్శకు స్పందించే తెర జనసామాన్యానికి పరిచయమయింది. 2021లో మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ 365 పేరుతో నెలసరి అద్దె మీద పూర్తి కంప్యూటరును ఇంటర్నెట్‌లో ఇవ్వసాగింది. ఆరు దశాబ్దాల తరువాత మెకార్తీ ఊహ చాలవరకు ఫలించిందనే చెప్పాలి.

అయితే ఆ ఫలం ఎవరికి దక్కుతున్నది? ఉద్యోగులకు సంస్థలు ఈ వసతి కల్పిస్తున్నాయి. నిజానికి దీని అవసరం వారికన్న పేదవిద్యార్థికి ఎక్కువ. 2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం మనదేశంలో కంప్యూటరు ఉన్న కుటుంబాలు గ్రామాలలో 4.4 శాతం, పట్టణాలలో 23.4 శాతం మాత్రమే. మరొక వైపు, 2018లో 36 శాతం గ్రామీణ గృహాలలో ఉన్న స్మార్ట్‌ఫోను, 2022 నాటికి సుమారు 75 శాతం గృహాలకు చేరిందని ‘ఎసర్’ సర్వేలు తెలిపాయి. అంటే కంప్యూటరు చేరని ఇళ్ళకు కూడ కిటికీ చేరింది. ఆ కిటికీ అవతల గది కట్టవలసిన బాధ్యత మాత్రం మిగిలి ఉన్నది.

‘ఫోనే ఒక కంప్యూటరు కదా, వేరొకటి ఎందుకు?’ అని కొందరు అడగవచ్చు. పాఠం వినడానికి, చూడడానికి, చిన్న సందేశం పంపడానికి ఫోను చాలు. కాని చదువు వినడంతో ముగియదు. ఎం.పి.సి. విద్యార్థి ప్రోగ్రాము రాసి పరీక్షించుకోవాలి, సి.ఇ.సి. విద్యార్థి వ్యాపార లెక్కలను పట్టికలలో అమర్చుకోవాలి. ఎవరైనా సరే, ఒక ప్రాజెక్టు నివేదికను ఇరవై పుటలు రాసి దిద్దుకోవాలి. వీటికి తగిన సాఫ్ట్‌వేర్లు చాలవరకు పెద్ద కంప్యూటరు కోసమే తయారయినవి. కళాశాలలో ఆ కంప్యూటరు ఉన్నా, సాయంకాలం గంట కొట్టగానే ప్రయోగశాలకు తాళం పడుతుంది. ఇంట్లో లాప్‌టాప్ ఉన్నవాడు రాత్రి కూడ సాధన చేస్తాడు. లేనివాడు మరునాటి పీరియడు కోసం ఎదురుచూస్తాడు. తెలివితేటలు సమానమే అయినా, రెండేళ్ళు గడిచేసరికి ఇద్దరి నడుమ అంతరం పెరిగిపోతుంది. 2020లో కరోనా కారణంగా కళాశాలలు మూతపడినప్పుడు ఈ అంతరం అందరికీ కనిపించింది. మిగిలిన కాలంలో అది కనిపించకుండ పనిచేస్తుంది.

ఇటువంటి అంతరాన్ని ఎదుర్కొనడం తెలుగువారికి కొత్త కాదు. హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలసింది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. అయ్యంకి వెంకటరమణయ్య వంటి మహనీయులు ఊరూరా గ్రంథాలయం ఉండాలని శ్రమించారు. గ్రంథాలయంలో పుస్తకం పాఠకుని సొంతం కాదు. కాని అందులోని జ్ఞానం అతని సొంతమవుతుంది. ఒక పుస్తకం వందమందికి ఉపయోగపడుతుంది. కంప్యూటరు విషయంలో కూడ ఇదే న్యాయం వర్తించాలి. కళాశాలలు, విశ్వవిద్యాలయాలు, ప్రభుత్వాలు కలసి ఉమ్మడి సర్వర్లను నెలకొల్పి, ప్రతి విద్యార్థికీ ఒక వర్చువల్ డెస్క్‌టాప్‌ను ఉచితంగా ఇవ్వడం న్యాయం. అందరూ ఒకే క్షణంలో పనిచేయరు కనుక, వందమందికి వంద యంత్రాలు అవసరం కాదు. పొరుగున ఉన్న తమిళనాడు 2011లో విద్యార్థులకు ఉచితంగా లాప్‌టాప్‌లు పంచే పథకాన్ని ప్రారంభించింది. అది మెచ్చదగిన పనే. కాని పంచిన లాప్‌టాప్ కొన్నేళ్ళకు పాతబడుతుంది. చెడిపోతే బాగుచేయించే భారం విద్యార్థి మీద పడుతుంది. ఉమ్మడి సర్వరును ఒకచోట మరమ్మతు చేస్తే అందరికీ మేలు జరుగుతుంది. ఫోను పోయినా, పగిలినా, రాసుకొన్న నివేదిక సర్వరులో భద్రంగా ఉంటుంది.

ఈ పద్ధతికి లోపాలు లేకపోలేదు. మొదటిది, నెట్‌వర్కు. లాప్‌టాప్ సిగ్నలు లేని చోట కూడ పనిచేస్తుంది. ఈ కిటికీ మాత్రం సిగ్నలు పోగానే మూసుకొంటుంది. సిగ్నలు బలహీనమయితే వేలు కదిపిన చాలాసేపటికి తెర కదులుతుంది, ఓర్పు నశిస్తుంది. రెండవది, తెర పరిమాణం. పెద్ద తెరకోసం తీర్చిన అక్షరాలు ఫోనులో చీమలబారు వలె కనిపిస్తాయి. ఒక చిన్న కీబోర్డును జతచేసుకొంటే, వీలయినచోట ఫోనును టీవీకి కలుపుకొంటే ఈ ఇబ్బంది చాలవరకు తీరుతుంది. ప్రతి గ్రామ గ్రంథాలయంలో నాలుగు తెరలు, నాలుగు కీబోర్డులు, మంచి నెట్‌వర్కు ఉంచితే, పాత గ్రంథాలయానికి కొత్త ప్రయోజనం సిద్ధిస్తుంది. మూడవది, పరాధీనత. అద్దె ఇల్లు ఎంత బాగున్నా, యజమాని పొమ్మన్ననాడు పోవలసిందే. చందా ఆగినా, చదువు ముగిసినా గది తలుపు మూసుకొంటుంది. కాబట్టి తాను రాసినదానిని తాను నకలు తీసుకొనిపోయే హక్కు విద్యార్థికి ఉండాలి. ఆ గదిలోకి తొంగిచూసే అధికారం ఎవరికి, ఎంతవరకు ఉన్నదో ముందే తెలియజేయాలి.

అన్నింటికన్న పెద్ద ప్రమాదం మరొకటి ఉన్నది. దూరపు యంత్రంలోకి మనం ప్రవేశించగలిగినట్లే, మన యంత్రంలోకి దూరాననున్నవాడు ప్రవేశించగలడు. పరకాయ ప్రవేశ విద్యను గురించి మన కథలలో ఒక హెచ్చరిక ఉన్నది. రాజు మరొక దేహంలో ప్రవేశించగా, ఆ విద్యను చాటుగా నేర్చిన సేవకుడు కాపలా లేని రాజదేహంలో దూరి సింహాసనం ఎక్కుతాడు. నేటి మోసగాళ్ళు చేసేది సరిగా ఇదే. బ్యాంకు ఉద్యోగులమని ఫోను చేసి, తెరను పంచుకొనే యాప్‌ను పెట్టించి, ఖాతా ఖాళీ చేస్తారు. ఇటువంటి మోసాల గురించి రిజర్వు బ్యాంకు 2019లోనే హెచ్చరించింది. అపరిచితుడు చెప్పిన యాప్‌ను ఫోనులో చేర్చుకోరాదు. ఫోనుకు వచ్చిన రహస్య సంఖ్యను ఎవరికీ చెప్పరాదు. పాస్‌వర్డుకు తోడు రెండవ తాళం, అనగా రెండంచెల ధ్రువీకరణ, తప్పక పెట్టుకోవాలి. మోసం జరిగితే సిగ్గుపడి దాచక, వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. తాళం వేయడం నేర్పకుండ తలుపు ఇవ్వడం ఉపకారం కాదు. వర్చువల్ డెస్క్‌టాప్ ఇచ్చే సంస్థ ఈ పాఠాన్ని కూడ కలిపి ఇవ్వాలి.

ఈ లోపాలన్నీ దిద్దుకోదగినవే. దిద్దుకోలేని నష్టం ఒకటే: నేర్చుకోవలసిన వయస్సులో సాధనం అందక గడిచిపోయిన కాలం. పదహారేళ్ళ వయస్సులో మొదటి ప్రోగ్రాము రాయవలసిన విద్యార్థిని, పరికరం లేదన్న కారణంతో ఆ కోరికను విడిచిపెడితే, తరువాత ఎంత ఖరీదయిన యంత్రాన్ని ఇచ్చినా ఆ సంవత్సరాలు తిరిగిరావు. సాధనం అందిన తరువాత శ్రమ విద్యార్థిది. దూరపు సర్వరు ఎంత వేగమయినదయినా, ఆలోచించవలసింది ఫోను పట్టుకొన్న మనిషే. ఆ శ్రమకు అవకాశం కల్పించడం మాత్రం సమాజం బాధ్యత. నెట్‌వర్కు, తెర, భద్రత అనే మూడింటినీ సమకూర్చి ఇచ్చిననాడు అరచేతిలో కనిపించేది వైకుంఠం కాదు, రాత్రివేళ కూడ తాళం పడని ప్రయోగశాల. ఆ మూడూ లేకుండ ఒక యాప్‌ను మాత్రం చూపి, డిజిటల్ సమానత్వం సిద్ధించిందని ప్రకటిస్తే, పెద్దలు చెప్పిన నానుడి అక్షరాలా నిజమవుతుంది.