బంట్ల లెక్క

మధురవాడ క్రికెట్ మైదానంలో 2005 ఏప్రిల్ 5న పాకిస్తాన్ జట్టుపై ధోనీ 148 పరుగులు తీశాడు. ఆ సంఖ్యపై ఎవరికీ వివాదం లేదు. జరిగినదానిని లెక్కించుట అంత సులభం. జరుగగలదానిని లెక్కించుట వేరు విద్య. చదరంగంలో బంట్లు ఎన్ని విధాల నిలువగలవన్న ప్రశ్న ఈ రెండవ జాతికి చెందినది.

చదరంగపు గళ్ల మీది లెక్క తెలుగువారికి కొత్త గాదు. అరువదినాలుగు గళ్లలో రెట్టింపు చేస్తూ పోతే వచ్చే 18446744073709551615 అనే మొత్తాన్ని, ఇరువది స్థానాలలో ఒక్కటీ తప్పకుండా ఒకే పద్యంలో బిగించిన ఖ్యాతి పావులూరి మల్లనది. అది నిశ్చితమైన సంఖ్య. బంట్ల విషయంలో అట్టి నిశ్చయం సులభం గాదు. అందుచేత ఏదో ఒక పెద్ద సంఖ్య చెప్పి, ‘అబ్బో’ అనిపించుకొని ఊరకుంటారు. నా అభ్యంతరమంతా అక్కడనే.

పదహారు బంట్లూ బ్రతికి వున్న స్థితినే తీసుకుందాం. బంట్లు నిలువదగిన గళ్లు 48. ఎనిమిది తెల్లవాటిని, ఎనిమిది నల్లవాటిని ఇష్టం వచ్చినట్లు పేరిస్తే సుమారు 290 కోట్ల కోట్ల అమరికలు. గుణకారంలో దోషం లేదు. కాని ఇది బంట్ల లెక్క కాదు, గవ్వల లెక్క. బంటు వెనుకకు రాదు. ఎదుటి పావును చంపితే తప్ప పక్క వరుసకు పోదు. ఏ బంటూ దేనినీ చంపని ఆటలో ఒక్కొక్క నిలువు వరుసలో తెల్ల బంటు ఇవతల, నల్ల బంటు అవతల. ఆరు గళ్లలో 15 విధాలు. ఎనిమిది వరుసలకు 15ను ఎనిమిది మార్లు వేసి గుణిస్తే 256,28,90,625. మొదటి సంఖ్యలో కోటిలో ఒకవంతు కూడా కాదు!

అసలు సంఖ్య ఈ రెంటి నడుమ ఎక్కడనో వున్నది. రాజును చంపరాదు, బంట్లు చావలేదు. కనుక ఒక పక్షపు బంట్లకు చంప దొరికేవి ఎదుటివారి ఏడు పావులే. అంచు వరుసలో ఐదు తెల్ల బంట్లను చేర్చవలెనంటే 1+2+3+4, అనగా పది వధలు కావలెను. అది కాని పని. గవ్వల లెక్కలో అదిన్నీ చేరిపోయింది.

మరి మార్గం? గుడ్డిగా కొన్ని లక్షల అమరికలు ఏరి, ఆటలో రాగలవి ఎన్నో పరీక్షించి, ఆ పాలును మొత్తానికి వర్తింపజేయుట. చదరంగంలోని సమస్త స్థితులకూ జాన్ ట్రాంప్ ఇట్లే మాదిరులు తీసి అంచనా కట్టాడు. ఎంత తేడా రావచ్చునో కూడా చెప్పాడు. ఆ రెండవ మాట చెప్పనివాని అంచనాను నేను నమ్మను.

హంపిని, హరికృష్ణను చూచి పిల్లలను చదరంగానికి పంపే తల్లిదండ్రులకు ఒక మనవి. ఆరంభపు ఎత్తులు వల్లె వేయించేముందు, ఒక్క నిలువు వరుసలో రెండు బంట్లుంచి, ఎన్ని విధాలో లెక్కించమనండి. ముప్పై అన్న బిడ్డను, ఆ రెండూ ఒకదానినొకటి దాటగలవేమో జరిపి చూడమనండి.