గరివిడి నల్లరాయి

పిల్లలూ! భూగోళం పుస్తకంలోనే కాదు, మీ కాళ్ళకింద కూడా ఉంది. గరివిడి పిల్లలైతే ఒక సాయంత్రం మాస్టారితో కలిసి బయలుదేరండి. బడినుంచి రైలుస్టేషనూ, చెరువూ ఏ దిక్కునున్నాయో కాగితంమీద పటం గీయండి. దారిలో నల్లరాయి దొరికితే ఎత్తి చూడండి. మామూలు రాయికంటే బరువుగా ఉందా? పింగాణీపెంకు గరుకువైపు గీస్తే నల్లగీత పడిందా? అయితే అది మాంగనీసు ఖనిజం కావచ్చు. ఉక్కుకు గట్టిదనమిచ్చేవాటిలో మాంగనీసు ఒకటి. మనదేశంలో దాని తవ్వకం 1892లో ఈ ప్రాంతంలోనే మొదలయింది. ఇక్కడి కోడూరు పేరుమీదనే ఫెర్మర్ అనే శాస్త్రజ్ఞుడు ఒక శిలకు 'కోడురైటు' అని పేరు పెట్టాడు! గనిలో పనిచేసిన తాతగారెవరైనా ఉంటే ఆనాటి సంగతులడిగి రాసుకోండి. పాత గనిగుంటల దరికి మాత్రం పోకండి. నీరు నిండితే లోతు తెలియదు. మిగతా ఊళ్ళ పిల్లలూ, మరి మీ ఊరి రాయి ఎలాంటిది?