మందు ఒక్కటే చాలదు, మట్టి కూడా బాగుపడాలి

గని పక్కన మెడికల్ క్యాంపు పెట్టి "మందులిచ్చాం కదా" అంటే ఊరుకోవద్దు. నైజీరియాలోని జంఫారాలో ఏం జరిగిందో చూడండి.

అక్కడ పేదలు బంగారం కోసం ఇళ్ళ దగ్గరే రాయి పొడి చేసేవాళ్ళు. ఆ రాయిలో సీసం ఉంది. దుమ్ము పిల్లల ఒంట్లోకి చేరింది. 2010లో సంగతి బయటపడింది. వందల మంది పసిపిల్లలు చనిపోయారు.

మందే లేదని కాదు. సక్సిమర్ అనే కీలేటింగ్ మందు పీత డెక్కలతో పట్టినట్టు సీసాన్ని పట్టుకుని మూత్రంలో బయటికి పంపేస్తుంది. కానీ బిడ్డ మళ్ళీ అదే దుమ్ములోకి వెళ్తే సీసం మళ్ళీ ఎక్కుతుంది. పైగా దెబ్బతిన్న మెదడును ఆ మందు బాగుచెయ్యలేదు. అందుకే డాక్టర్లు ముందు మట్టి శుభ్రం చెయ్యమన్నారు. ప్రభుత్వం డబ్బు ఆలస్యం చేసింది. బగేగా ఊరి పిల్లలు వైద్యం కోసం 2013 దాకా ఎదురుచూడాల్సి వచ్చింది.

మన ఊరికి గని మాటతో ఎవరొచ్చినా గ్రామసభలో అడగండి: తవ్వకముందే మా నేల, నీళ్ళు, పిల్లల రక్తం పరీక్ష చేస్తారా? పాడైతే శుభ్రం చేసే డబ్బు ముందే కడతారా? జవాబు తీర్మానంలో రాయించండి. రాయకపోతే సంతకం పెట్టొద్దు.

జై ఆదివాసీ!