పెరటి ముచ్చట్లు: నౌపడా బండి

కిందటి నెల జామచెట్టుకు పట్టిన తెల్లదోమ సంగతి సగంలో ఆపి, మిగతాది ఈ నెల చెబుతానన్నాను. మాట తప్పుతున్నందుకు పాఠకులు మన్నించాలి. ఆ జామచెట్టు కిందనుంచే ఈ మధ్య రైలు పోతూ ఉంది. రైలు పోతూంటే తెల్లదోమ కబుర్లు ఎవరు వింటారు?

రైలంటే నిజం రైలు కాదు. మల్లట్‌కు రైలు లేదని మీకందరికీ తెలిసినదే. మన పెద్దలు ఉన్న చెక్కా ముక్కా అమ్ముకుని తుంగభద్ర ఎడమకాలువ కిందికి వచ్చిన రోజుల్లో, బెజవాడ నుంచి గుంతకల్లుదాకా మీటరుగేజి బండిలో వచ్చి, అక్కడ దిగి బ్రాడ్‌గేజి బండెక్కి, రాయచూరులో దిగేవారు. ఆపైన బస్సో, ఎడ్లబండో. రోలూ, పొత్రం, ఇత్తడి గంగాళంతో సహా సామానంతా గుంతకల్లు ప్లాట్‌ఫారం మీద ఒక బండిలోంచి మరో బండిలోకి మోసిన కథ మనవాళ్ళ ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. ఆ మార్పిడిలో పోయిన చల్లకవ్వాన్ని మా అమ్మ కడదాకా తలుచుకుంటూనే ఉండేది. 2024లో సింధనూరుకు రైలు వచ్చింది గాని, మా ఊరివాళ్ళకు ఇప్పటికీ రైలంటే రాయచూరే.

గేజి అనే మాట అంటే మనబోటివాళ్ళకు ఇంత సామాను మోత అన్నమాట. బ్రాడ్‌గేజి 1676 మిల్లీమీటర్లు, మీటరుగేజి 1000, దానికన్నా చిన్నవి 762, 610. మా పెరట్లోది 45. దీని కథ చెప్పాలంటే మా పెద్దక్క దగ్గరనుంచి మొదలుపెట్టాలి.

పెద్దక్కను ఇచ్చింది రైల్వే ఉద్యోగికి. మా బావగారు నౌపడా నుంచి గుణుపురం పోయే చిన్నబండికి గార్డు. శ్రీకాకుళం వైపు బంధుత్వాలున్నవాళ్ళకు ఈ బండి తెలిసే ఉంటుంది. మద్రాసు నుంచి హౌరా పోయే పెద్దలైను నౌపడా మీదుగా పోయింది గాని, పర్లాకిమిడి ఊరు దానికి 40 కిలోమీటర్ల దూరాన లోపల పడిపోయింది. రాజావారు ఊరుకోలేదు. తమ ఖర్చుతో 762 మిల్లీమీటర్ల గేజిమీద లైను వేయించారు. 1900లో బండి నడిచింది. 1931లో గుణుపురందాకా పొడిగించారు. వెరసి 90 కిలోమీటర్లు. టెక్కలి, తెంబూరు, పాతపట్నం, పర్లాకిమిడి, కాశీనగరం, అన్నీ దానికి స్టేషన్లే. నౌపడా ఉప్పుకొఠార్లకు పేరుమోసిన ఊరు. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలోకి పోయినా బండి మాత్రం ఎప్పటిలాగే ఇటూ అటూ తిరుగుతూ వచ్చింది. 2004లో చిన్నగేజి ఎత్తేసి పెద్దగేజి వెయ్యడానికి ఆపారు. 2011కల్లా పెద్దబండి వచ్చింది. బావగారు 2003లోనే పోయారు. ఆయన బండి ఆగిపోవడం చూడకుండా పోయారని అక్క ఒకటి రెండుసార్లు అన్నది. అంతకు మించి ఏమీ అనలేదు.

అక్కకు ఇప్పుడు ఎనభై దాటాయి. ఆరేళ్ళుగా మా దగ్గరే ఉంటూంది. చూపు బాగా మందగించింది.

మా మేనల్లుడు అమెరికాలో ఉంటాడు. పోయిన సంక్రాంతికి వస్తూ ఒక పెట్టె తెచ్చాడు. పసుపూ ఎరుపూ అట్టమీద మూడక్షరాలు, ఎల్.జి.బి. జర్మనీలోని న్యూరెంబర్గులో 1881నాటి లేమన్ అనే పాత రేకుబొమ్మల కంపెనీవాళ్ళు 1968లో మొదలుపెట్టిన పెద్దసైజు నమూనా రైళ్ళు ఇవి. వానలోనూ ఎండలోనూ ఆరుబయట తోటలో నడిపించుకోవచ్చునని వాళ్ళు చెప్పిన మాట ఊరికే పోలేదు. యూరపులోనూ అమెరికాలోనూ లక్షణంగా సంసారాలు చేసుకునే పెద్దమనుషులు పెరళ్ళనిండా పట్టాలు పరుచుకున్నారు. 2006లో కంపెనీ దివాలా తీసింది. మరుసటేడు మార్‌క్లిన్ అనే మరో బొమ్మల కంపెనీ కొనుక్కుంది. అప్పటినుంచి పాత పెట్టెలకు కొందరి దగ్గర గిరాకీ ఇంకా పెరిగింది. మేనల్లుడు అమెరికాలో మొదటి జీతంతో కొన్నదిట ఈ ఇంజను. నాన్నకు చూపించాలని కొన్నాడు. ఆయన అక్కడికి వెళ్ళిందీ లేదు, వీడు ఇక్కడికి తెచ్చిందీ లేదు. ముప్పై ఏళ్ళకు పైగా పెట్టె విప్పలేదు.

ఇంజను పేరు స్టైన్జ్. ఆస్ట్రియాలో 1892లో ఒక పల్లెలైనుమీద నడిచిన బుల్లి ఇంజనుకు నమూనా. ఇక్కడొక వింత ఉంది. ఎల్.జి.బి.వారి కొలత ఒకటికి ఇరవైరెండున్నర. అంటే మీటరుగేజిని 22.5తో భాగిస్తే 44 మిల్లీమీటర్ల చిల్లర, పట్టా 45, సరిపోయింది. కాని అసలు స్టైన్జ్ నడిచింది మీటరుగేజిమీద కాదు, 760 మిల్లీమీటర్ల మీద. లెక్కప్రకారం దాని పట్టాలు 34 మిల్లీమీటర్లు ఉండాలి. కంపెనీవాడే మొదటి ఇంజనులోనే అబద్ధమాడాడు! ఆ 760కీ, మా బావగారి 762కీ ఎంత తేడా? రెండు మిల్లీమీటర్లు. ఇది తెలిసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

762ని 45తో భాగిస్తే 16.9 వస్తుంది. ఆ కొలతకు ఇంజను పైభాగమూ పెట్టెలూ కొత్తగా కట్టుకుంటే, ఇవే పట్టాలమీద ఇదే మోటారుతో నౌపడా బండి అవుతుంది. ఏడడుగుల వెడల్పు పెట్టె అయిదంగుళాలవుతుంది. అయిదున్నర అడుగుల మనిషి నాలుగంగుళాలవుతాడు. ఇలా తయారుగా దొరికేవి ఎవరూ కొనరు, కొన్నవి కోసి కట్టుకుంటారు. ఈ వ్యసనంలో ఉన్నవాళ్ళలో రెండు కులాలున్నాయి. పెట్టె విప్పకుండా అలమారులో పెట్టుకునేవాళ్ళూ, రంపం పట్టుకునేవాళ్ళూ. ఒకరంటే ఒకరికి పడదు.

మేనల్లుడు ఫోనులో ఒప్పుకోలేదు. “మామయ్యా, అది మళ్ళీ దొరకదని కాదు. అలాంటివి వేలకువేలు చేశారు. కావాలంటే ఇంకోటి పాతది కొని పంపుతాను, దాన్ని కొయ్యి. ఇది నాన్నకోసం కొన్నది” అన్నాడు. అతను అన్నదాంట్లో తప్పేముంది? రంపం పక్కన పెట్టేశాను. అక్క మంచంమీద పడుకుని వింటూనే ఉంది. ఫోను తనకిమ్మంది. “ఒరే నాన్నా, మీ నాన్నకోసం కొన్న బండి పెట్టెలో పెట్టి ఎవరికి చూపిస్తావురా? కొయ్యనీ” అన్నది. అవతల చాలాసేపు మాట లేదు. తరవాత “సరే అమ్మా” అన్నాడు.

కోసిన మర్నాడు నాకే మనసులో ఏదో అయింది. అది వేరే సంగతి.

మోటారూ చక్రాలూ ఉంచి, పైదంతా తీశాను. చక్రాల లెక్కలో మా ఇంజను అబద్ధమే. అసలుదానికి ఇంతకన్నా ఎక్కువ. బాయిలరుకు డ్రిప్పుకోసం తెచ్చిన 50 మిల్లీమీటర్ల పైపు ముక్క సరిగ్గా అతికింది. అటూ ఇటూ నీళ్ళతొట్టెలు ప్లాస్టిక్ రేకుతో. పెట్టెలు మా బడిగేరాయన టేకు చెక్కతో చేశాడు. “యజమాన్రే, ఇదు మక్కళ ఆటక్కా?” అని అడిగాడు, పిల్లలు ఆడుకోడానికా అని. అవునన్నాను. అరవై దాటిన మనిషి కదా, పిల్లలకని చెబితేనే నమ్ముతాడు. రెండురోజుల్లో ఆయన నాకంటే ముదిరిపోయాడు. కిటికీ చట్రాలకు అంగుళంలో ఎనిమిదోవంతు రెక్కలు తీస్తూ కూర్చునేవాడు.

ప్రయాణికులు కొండపల్లి నుంచి వచ్చారు. మా తమ్ముడి కూతురు బెజవాడ నుంచి వస్తూ పొణికి బొమ్మలు తెచ్చింది. నాలుగంగుళాలవి ఏరితే ఒక కల్లుగీత మనిషి, నీళ్ళు మోసే ఆవిడ, విస్తరి ముందు కూర్చున్న బ్రాహ్మణుడూ సరిపోయారు. విస్తరితో సహా రైలెక్కాడాయన.

ఇక నేల సంగతి. ఇది మాత్రం కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మీలో ఎవరైనా మొదలుపెడితే ఇక్కడే దెబ్బతింటారు. పుస్తకాల్లో రాసిన పద్ధతి జర్మనీ నేలకు. మనది నల్లరేగడి. ఎండాకాలం చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చుతుంది, వానపడితే పొంగుతుంది. నేను మొదట నేలమీదనే గులకరాయి పోసి పట్టా పరిచాను. ఏప్రిల్లో ఒక చోట రెండంగుళాలు కుంగింది. ఇంజను ముక్కుమీద పడింది, కొత్త పొగగొట్టం విరిగింది. తరవాత అడుగున్నర లోతు తవ్వి, రేగడి ఎత్తిపోసి, మొరం నింపి దిమ్మిసకొట్టి, పైన షాబాదు బండలు పరిచాను. వాటిమీద పట్టా. ఇప్పుడు కదలడంలేదు. వానాకాలం వెళ్ళాక గాని గట్టిగా చెప్పలేను.

రెండోది ఎండ. పట్టాలు ఇత్తడివి. తెల్లవారుజాముకూ మిట్టమధ్యాహ్నానికీ 30 డిగ్రీలు తేడా వస్తే, 30 అడుగుల వరసకు సుమారు 5 మిల్లీమీటర్లు సాగుతుంది. అతుకుల దగ్గర సందు వదలకపోతే పట్టా పాములా మెలితిరుగుతుంది. మూడోది దుమ్ము. కరెంటు పట్టాలగుండా చక్రాలకు అందాలి. మన దుమ్ము పేరుకుంటే అందదు. రోజూ తుడవలేక ఆ పద్ధతే మానేశాను. ఇంజను వెనక ఉప్పు వ్యాగను ఒకటి తగిలించి, అందులో బ్యాటరీ పెట్టాను. పైన గోనెపట్టాతో కప్పేశాం. నౌపడా ఉప్పు అందులో ఉందని చూసినవాళ్ళు అనుకుంటారు. నాలుగోది మా దూడ. దాని గురించి రాయను.

పట్టా చుట్టూకొలత 21 మీటర్లు. అసలు బండి గంటకు 20 కిలోమీటర్లు పోతే మా కొలతలో నిమిషానికి 20 మీటర్లు పోవాలి. అంటే చుట్టు తిరగడానికి నిమిషం పైన పడుతుంది. మనవలకు ఇది నచ్చలేదు. “తాతయ్యా, తోస్తే ఇంకా జోరుగా పోతుంది” అన్నారు. అక్క మాత్రం నడవలో కుర్చీ వేయించుకుని, చప్పుడు వింటూ, “ఇంకా మెల్లగా పోనీ. పాతపట్నం దగ్గర కొంతమంది దిగి నడిచి మళ్ళీ ఎక్కేవారు” అన్నది. నిజమో వేళాకోళమో నాకు తెలియదు. కొంచెం తగ్గించాను.

చివరిది గార్డు పెట్టె. దీనిమీద నెలన్నర కూర్చున్నాను. నా దగ్గర బావగారి ఫొటో ఒక్కటే, ప్లాట్‌ఫారంమీద టోపీతో. ఆయన ఆరడుగుల మనిషి. లెక్కకు నాలుగుంబావు అంగుళాలు. బడిగేరాయన ఆ పొడుగుకే బొమ్మ చెక్కాడు. అది నిటారుగా నిలబడేలా గార్డు తలుపు నాలుగున్నర అంగుళాలు కట్టించాను. రంగు వేసి, ఆరాక, అక్క చేతికిచ్చాను. కళ్ళకు ఆనదు గనక వేళ్ళతోనే చూస్తుంది. కప్పూ, కిటికీలూ, మెట్టూ తడిమింది. తలుపు దగ్గర ఆగింది. బొమ్మ తలమీద వేలు పెట్టి, పైన ఖాళీ తడిమి చూసింది.

“ఇది కాదురా తమ్ముడూ. మీ బావ ఆ తలుపులో ఎప్పుడూ తల వంచుకునే నిలబడేవారు. చిన్నబండి కదా, పైచట్రం తగిలేది. మెడనొప్పికి ముప్పైయేళ్ళు ఆవనూనె రాశాను” అన్నది.

నేను లెక్క కాగితం తీసి చూపబోయాను. చూపలేనిదానికి కాగితం ఏమిటని మా ఆవిడ కసిరింది.

తలుపు నాలుగంగుళాలకు దించాలి. అంటే ఆ పక్క పలక మొత్తం విప్పాలి, రంగు మళ్ళీ వెయ్యాలి. బొమ్మ మెడ పావంగుళం వంగాలి. కోసి అతికిస్తే అతుకు కనిపిస్తుందని బడిగేరాయన ఒప్పుకోలేదు, ఇంకోటి చెక్కాడు. పన్నెండు రోజులు పట్టింది. మేనల్లుడికి ఫొటో పంపితే “మామయ్యా, మెడ ఎందుకు వంకర?” అని అడిగాడు. మీ అమ్మనడుగు అన్నాను. అడిగాడుట. ఆ సాయంత్రం అరగంట వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటూనే ఉన్నారు. మేం అటు వెళ్ళలేదు.

మొన్న ఆదివారం కొత్త పెట్టె తగిలించి బండి నడిపాం. మొదటి చుట్టు అయ్యాక ఆపి, గార్డు పెట్టె అక్క చేతికిచ్చాను. వేలితో మెడ తడిమింది, తలుపు పైచట్రం తడిమింది. చాలాసేపు పట్టుకుంది. తరవాత బొమ్మ కుడిచేతి దగ్గర వేళ్ళు తిప్పి, “జెండా ఏదిరా?” అన్నది.

జెండా మరిచిపోయాం. మా ఆవిడ ఆకుపచ్చ రవికెగుడ్డ ముక్కకోసం పెట్టెలన్నీ తిరగేస్తూంది. తెల్లదోమ సంగతి వచ్చే నెల.